వాన రోజు, ఇద్దరు పిల్లలు, ఒక గంట

మూడు రోజులుగా వదలని వాన. మొదటి రోజు అందరికీ బాగానే ఉంటుంది, కిటికీ దగ్గర కూర్చోబెట్టి చినుకులు చూపిస్తాం, అద్దం మీద జారే నీటి చుక్కల్ని వేలితో తరుముతారు, నవ్వుతారు. రెండో రోజు మధ్యాహ్నానికి మా పెద్దది సోఫా మీంచి దూకడం మొదలుపెడుతుంది, చిన్నోడు ఎత్తుకుంటే దిగుతానని, దించితే ఎత్తుకోమని ఏడుస్తాడు. మూడో రోజు పొద్దున పది గంటలకే ఇల్లు ఇరుకైపోతుంది. పెద్దదానికి మూడున్నరేళ్ళు, చిన్నోడికి తొమ్మిది నెలలు. ఇలాంటి రోజున ఇద్దర్నీ తీసుకుని ఎక్కడికైనా వెళ్ళాలి, వెళ్ళే చోట నెత్తిన కప్పు ఉండాలి. ఏడాదిగా వానలొచ్చినప్పుడల్లా ఇదే పని మీద ఉన్నాను కాబట్టి నాకు తెలిసిందంతా ఒకచోట రాసి పెడుతున్నాను.

ముందుగా కిందటి నెల జరిగింది చెప్పాలి. పెద్ద మ్యూజియానికి బయల్దేరాం, ఎలాగూ వెళ్తున్నాం కదా అని రోజంతా ఉండేలా సంచి సర్దుకున్నాం, ఏ అంతస్తులో ఏం ఉందో ముందే చూసి పెట్టుకున్నాం. వెళ్ళగానే పెద్దది లిఫ్టు దగ్గర ఆగిపోయింది. తలుపులు తెరుచుకుంటాయి, మూసుకుంటాయి, అంకెలు వెలుగుతాయి, లోపలున్న మనుషులు మాయమై కొత్తవాళ్ళు వస్తారు. దానికి అంతకంటే గొప్ప వింత ఆ భవనంలో ఇంకోటి లేదు. నేనేమో "రా నాన్నా, పైన పెద్ద ఏనుగు ఉంది" అని లాక్కుంటూ వెళ్ళాను. మూడు గంటలు తిరిగాం. చిన్నోడు ఆ మూడు గంటలూ స్ట్రోలర్‌లో బెల్టు పెట్టుకుని కూర్చునే ఉన్నాడు, పొద్దుటి నిద్ర పోయింది, రెండో నిద్ర కూడా పోయింది. చివరి గంటంతా ఇద్దరూ ఏడ్చారు. ఇంటికొచ్చి తలుచుకుంటే చాలా బాధేసింది, ఎందుకంటే తప్పు పిల్లలది కాదు, నేను నా కొలతతో వేసిన ప్రయాణం వాళ్ళకి తొడిగాను.

అప్పటి నుంచి మా ఇంట్లో వాన రోజు బయటికెళ్ళడం అంటే ఒక చోటు, ఒక వస్తువు, ఒక గంట. దారి సమయం వేరు. చిన్నోడు నిద్ర లేచి పాలు తాగగానే బయల్దేరతాం, మళ్ళీ వాడికి నిద్ర ముంచుకొచ్చేలోగా వెనక్కి తిరుగుతాం. పిల్లలు బాగా ఆడుతున్నప్పుడే ఇంటికి బయల్దేరాలి, ఏడుపు మొదలయ్యాక కాదు. ఈ ఒక్క మార్పుతో సగం టెన్షన్ పోయింది.

గంట అని ఊరికే అనలేదు. 2019లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఐదేళ్ళలోపు పిల్లల కోసం ఇచ్చిన సూచనల్లో ఒక మాట ఉంది: స్ట్రోలర్‌లో గానీ, ఎత్తు కుర్చీలో గానీ, ఒంటికి కట్టుకునే క్యారియర్‌లో గానీ పిల్లల్ని ఒక్కసారికి గంట కంటే ఎక్కువసేపు కదలకుండా కట్టేసి ఉంచకూడదు అని. ఏడాది దాటిన పిల్లలకి రోజు మొత్తం మీద కనీసం 180 నిమిషాల కదలిక కావాలి, మూడు నాలుగేళ్ళ వాళ్ళకి అందులో 60 నిమిషాలు పరుగు, గెంతు లాంటి గట్టి కదలిక ఉండాలి. ఇంకా పాకడం కూడా రాని పసివాళ్ళని మెలకువగా ఉన్నప్పుడు రోజులో కనీసం 30 నిమిషాలైనా బోర్లా పడుకోబెట్టాలి, ఒకేసారి కాకుండా విడివిడిగా అయినా ఫర్వాలేదు. అదే సూచనల్లో రెండేళ్ళు నిండని పిల్లలకి స్క్రీన్ వద్దన్నారు, రెండేళ్ళ నుంచి నాలుగేళ్ళ వాళ్ళకి గంట దాటకూడదన్నారు. ఇది చదివాక నాకు అర్థమైంది ఏమిటంటే, ఎక్కడికెళ్ళినా నేను ముందు చూడాల్సింది అక్కడ పిల్లల్ని కింద వదలడానికి నేల ఉందా లేదా అని. స్ట్రోలర్‌లో కూర్చోబెట్టి ఎంత గొప్ప చోటు చుట్టి వచ్చినా చిన్నోడికి అది బయటికెళ్ళినట్టు కాదు, కుర్చీ మారినట్టు.

నేల విషయంలో లైబ్రరీని మించింది లేదు. పిల్లల విభాగం ఉన్న లైబ్రరీ అయితే చాప గానీ మెత్తటి పరుపు గానీ ఉంటుంది, ఎవరూ ఏమీ కొనమని అడగరు, ఎంతసేపు ఉన్నా ఎవరూ లేవమనరు. అట్ట పుస్తకాలు నాలుగు ముందు పడేస్తే చిన్నోడు వాటిని తెరుస్తాడు, మూస్తాడు, నోట్లో పెట్టుకుంటాడు. నోట్లో పెట్టుకోవడం ఆ వయసులో తెలుసుకోవడంలో ఒక భాగం, అందుకని లాక్కోను, వచ్చేముందు తుడిచి, తడిసినవి ఇవీ అని కౌంటర్‌లో చెప్పి ఇస్తాను. మరీ పసివాళ్ళకైనా లైబ్రరీ పుస్తకం ఇంటికి తెచ్చుకుంటే పనికొస్తుంది. పుట్టిన కొత్తలో పిల్లలకి ఇరవై ముప్పై సెంటీమీటర్ల దూరంలో ఉన్నదే కాస్త స్పష్టంగా కనిపిస్తుంది, అంటే ఎత్తుకున్నవాళ్ళ మొహం దాకా, అందులోనూ నలుపు తెలుపు తేడా గట్టిగా ఉన్న బొమ్మల్ని ఎక్కువసేపు చూస్తారు. అలాంటి పుస్తకం ఒకటి మొహానికి దగ్గరగా పట్టుకుని కూర్చుంటే చాలు. కథ చెప్పే కార్యక్రమం ఉంటే పెద్దదాన్ని ముందు వరసలో కూర్చోబెట్టాలని మొదట్లో చాలా ప్రయత్నించాను, ఇప్పుడు మానేశాను. అది వెనకాల అటూ ఇటూ తిరుగుతూనే వింటుంది, రాత్రి పడుకునేటప్పుడు కథ మొత్తం నాకే తిరిగి చెబుతుంది.

మ్యూజియం మీద నాకు కోపం లేదు, ఇప్పటికీ వెళ్తున్నాం. చిన్నపిల్లలకి మ్యూజియంలో ఏం అర్థమవుతుంది అని అడిగేవాళ్ళున్నారు, నాకు ఆ మాట అస్సలు నచ్చదు. పిల్లల కోసమే ప్రత్యేకంగా మ్యూజియం పెట్టాలని 1899లోనే న్యూయార్క్‌లోని బ్రూక్లిన్‌లో అనుకున్నారు, అలాంటి వాటిలో అదే మొదటిదంటారు. 1969లో శాన్‌ఫ్రాన్సిస్కోలో ఫ్రాంక్ ఓపెన్‌హైమర్ అనే భౌతిక శాస్త్రవేత్త ఎక్స్‌ప్లోరటోరియం మొదలుపెట్టాడు, అక్కడ వస్తువుల్ని దూరం నుంచి చూడటం కాదు, చేత్తో తిప్పి, లాగి, నొక్కి తెలుసుకోవడం. ఇప్పుడు చాలా సైన్స్ కేంద్రాల్లో పిల్లలు నొక్కే బటన్లు, తిప్పే చక్రాలు ఉన్నాయంటే ఆ ఆలోచన చాలా దూరం పాకిందని. నేను చేసేది ఒక్కటే, ఒక్క గది ఎంచుకుంటాను. ఏనుగు గది అయితే ఏనుగు గదే. దాని కాలి గోళ్ళు లెక్కపెడతాం, తోక ఎక్కడుందో వెతుకుతాం, దానికంటే ఎత్తుగా ఎవరున్నారు అని చూస్తాం, నేల మీద కూర్చుంటాం. "ఇంకోటి చూద్దాం పద" అనే మాట నా నోటి నుంచి రాకుండా చూసుకుంటాను. తలుపులు తీసిన మొదటి గంటలో వెళ్తే జనం తక్కువ, చిన్నోడు పాకడానికి చోటు ఉంటుంది. దారిలో లిఫ్టు కనపడితే, అవును, ఆగుతాం, పెద్దది చాలు అనేదాకా ఆగుతాం.

అక్వేరియం చిన్నోడికి నచ్చినంతగా ఇంకేదీ నచ్చలేదు. అన్నిటికంటే పెద్ద అద్దం వెతుక్కుని దాని ముందు నేల మీద కూర్చుంటాం, నెమ్మదిగా కదిలే పెద్ద చేప ఒకటి వస్తుంది, వెళ్తుంది, మళ్ళీ వస్తుంది. వాడు ఊపిరి బిగబట్టి చూస్తాడు, అది కనపడకుండా పోగానే నా వైపు తిరుగుతాడు, మళ్ళీ రాగానే రెండు చేతులూ ఊపుతాడు. ఇరవై నిమిషాలు ఒకే అద్దం దగ్గర. తొమ్మిది నెలల పిల్లాడు ఇరవై నిమిషాలు ఒకేదాన్ని చూడటం నేను ఇంకెక్కడా చూడలేదు. అయితే దారులు చీకటిగా ఉంటాయి, పెద్దది మొదటిసారి భయపడి నా చీర కొంగు వదల్లేదు, అందుకని ఇప్పుడు ముందే చెప్తాను, లోపల చీకటి ఉంటుంది, చేపలకి అలా ఇష్టం, నేను చెయ్యి పట్టుకునే ఉంటాను అని. అద్దాన్ని కొట్టకూడదు, ఆ అదురు నీళ్ళలోకి వెళ్తుంది. "కొట్టొద్దు" అంటే ఇంకా కొడతారు కాబట్టి "అరచెయ్యి పెట్టి చల్లగా ఉందేమో చూడు" అంటాను, పెడుతుంది.

బొటానికల్ గార్డెన్లలో ఉండే గాజు ఇళ్ళు కూడా బాగుంటాయి. పైన వాన గాజు మీద పడే చప్పుడు, లోపల వెచ్చగా, పచ్చగా. లండన్‌లోని క్యూ తోటలో 1848లో పూర్తయిన పామ్ హౌస్ ఇలాంటి వాటిలో బాగా పేరున్నది. నాకు వీటి మీద ఇష్టం వెలుతురు వల్ల. మబ్బు పట్టిన పగలు కూడా ఆరుబయట వెలుతురు వేల లక్సుల్లో (లక్స్ అంటే వెలుతురు కొలిచే ప్రమాణం) ఉంటుంది, గదిలో దీపం కింద సాధారణంగా కొన్ని వందలే, నాలుగు రోజులు గదుల్లోనే ఉన్న పిల్లలకి ఆ తేడా మొహంలో తెలుస్తుంది. ఒకటే జాగ్రత్త, ఏ ఆకూ నోట్లోకి వెళ్ళకూడదు. డిఫెన్‌బాకియా అని వెడల్పు ఆకుల మీద తెల్ల మచ్చలుండే మొక్క ఇళ్ళలో కూడా పెంచుతారు, దాన్ని నమిలితే నోరు మండి వాస్తుంది. చిన్నోణ్ణి అక్కడ ఎప్పుడూ ఎత్తుకునే ఉంటాను.

ఇక ప్లే ఏరియాలు. పెద్దదాని 60 నిమిషాల పరుగు వాన రోజు దొరికేది అక్కడే, కాబట్టి వద్దనలేను, కానీ నేను అన్నిటికంటే ఒళ్ళు దగ్గర పెట్టుకునేది కూడా అక్కడే. పెద్దదానికి ఏడాదిన్నర ఉన్నప్పుడు భయపడుతుందేమో అని ఒళ్ళో కూర్చోబెట్టుకుని జారుడుబల్ల మీద జారాను. మధ్యలో దాని బూటు పక్క అంచుకి పట్టుకుంది. కాలు వెనక్కి మెలిపడింది, నేను ఆగలేకపోయాను. ఏడ్చింది, కాసేపటికి మామూలుగానే నడిచింది, కానీ తర్వాత డాక్టరు గారు చెప్పింది విని నా గుండె జారిపోయింది. చిన్నపిల్లల మోకాలి కింది ఎముక విరగడానికి ఇది బాగా తెలిసిన కారణమట. పిల్ల ఒక్కతే జారితే పాదం తట్టుకున్నప్పుడు ఆగిపోతుంది, పెద్దవాళ్ళ ఒళ్ళో ఉంటే పాదం ఆగుతుంది గానీ మన బరువు ఆగదు, ఆ బరువంతా కాలి మీద పడుతుంది. మంచి ఉద్దేశంతో చేసే పని, అందుకే ఎవరూ అడ్డు చెప్పరు. దయచేసి ఒళ్ళో పెట్టుకుని జారకండి. తనంతట తాను ఎక్కి దిగలేని జారుడుబల్ల తనకి ఇంకా పెద్దదని అర్థం.

ట్రాంపొలిన్ మీదికి మేం పంపడం లేదు. ఆరేళ్ళలోపు పిల్లలు దాని మీద గెంతకూడదని అమెరికా పిల్లల వైద్యుల సంఘం చెబుతుంది, ముఖ్యంగా బరువైనవాళ్ళూ తేలికైనవాళ్ళూ కలిసి గెంతితే ఎగిరిపడి దెబ్బ తగిలేది తేలికైనవాళ్ళకే. మిగతా ఆటల్లోనూ చిన్నపిల్లలకి విడిగా కంచె వేసిన చోటు ఉందా అని చూసుకుంటాను, ఎనిమిదేళ్ళ పిల్లలు పరిగెత్తే దారిలో పాకే పిల్లాడిని వదలడం కుదరదు. బంతుల తొట్టి దగ్గర, ఆ బంతుల్ని ఎన్నాళ్ళకి కడుగుతారు అని అడుగుతాను, అడగడానికి మొహమాటం అక్కర్లేదు. సరిగ్గా జవాబు రాకపోతే ఆ రోజుకి తొట్టి లేదు, అంతే.

చేతులు కడగడం గురించి ఇక్కడే చెప్తాను. శానిటైజర్ ఉంది కదా అని చాలామంది అనుకుంటారు, కానీ వాంతులు విరేచనాలు తెప్పించే నోరోవైరస్ మీద అది సరిగ్గా పనిచెయ్యదు, సబ్బూ నీళ్ళే కావాలి. ఏదైనా తినేముందు, బయటికొచ్చే ముందు, ఇద్దరికీ సబ్బుతో. ఒంట్లో బాగా లేని పిల్లల్ని తీసుకెళ్ళకపోవడం మన వంతు. తట్టు వైరస్ అయితే జబ్బు ఉన్నవాళ్ళు గదిలోంచి వెళ్ళిపోయాక కూడా రెండు గంటల వరకు గాలిలో ఉండగలదు, మొదటి డోసు టీకా వయసు ఇంకా రాని పసివాళ్ళని కిక్కిరిసిన మూసిన గదుల్లోకి తీసుకెళ్ళే ముందు ఇది గుర్తుంచుకోవాలి. మూడు నెలలు నిండేదాకా మా ఇద్దర్నీ ఇలాంటి చోట్లకి తీసుకెళ్ళనే లేదు. ఆ వయసులో జ్వరం 38 డిగ్రీల సెల్సియస్, అంటే 100.4 ఫారెన్‌హీట్ వచ్చినా వెంటనే డాక్టరు దగ్గరికి వెళ్ళాల్సిందే, ఇంట్లో చూద్దాం అనుకోకూడదు.

మరి మూడు నెలల్లోపు పిల్ల ఉన్న తల్లి ఎక్కడికెళ్ళాలి? ఇంకో ఇంటికి. దీన్ని ఎవరూ లెక్కలోకి తీసుకోరు గానీ నాకు అన్నిటికంటే మేలు చేసింది ఇదే. ఒంట్లో బాగున్న స్నేహితురాలి ఇల్లు, అక్క ఇల్లు, పక్కింటి పెద్దావిడ ఇల్లు. బిడ్డ వాళ్ళ మంచం మీద పడుకుని కొత్త పైకప్పు, కొత్త ఫ్యాను, కొత్త గొంతు చూసుకుంటుంది, తల్లికి ఒక పెద్ద మనిషితో పూర్తి వాక్యాలు మాట్లాడే అవకాశం దొరుకుతుంది. చిన్నోడు పుట్టిన కొత్తలో వానల్లో నన్ను నిలబెట్టింది వారానికి రెండుసార్లు వెళ్ళిన ఆ ఒక్క ఇల్లే. పాకే పిల్లలైతే మాత్రం వెళ్ళగానే నేల మీద నేనే ఒకసారి కూర్చుని చూస్తాను, కూర్చుంటేనే కనపడతాయి. టాయిలెట్ పేపర్ చుట్ట మధ్యలో ఉండే అట్ట గొట్టంలోంచి పట్టేసే ఏ వస్తువైనా గొంతుకి అడ్డం పడగలదు. రిమోట్లలో, బొమ్మల్లో ఉండే గుండ్రటి బటన్ బ్యాటరీ అన్నిటికంటే ప్రమాదం, మింగితే రెండు గంటల్లోనే అన్నవాహిక కాలిపోయేంత గాయం చెయ్యగలదు, మింగిందేమో అన్న అనుమానం వచ్చినా ఆగకుండా ఆసుపత్రికి పరిగెత్తాలి.

పైకప్పు ఉన్న పెద్ద రైల్వే స్టేషన్ కూడా ఒక చోటే. రైలెక్కనక్కర్లేదు. వచ్చే రైళ్ళు, పోయే రైళ్ళు, అనౌన్స్‌మెంటు, చెయ్యి ఊపితే తిరిగి చెయ్యి ఊపే డ్రైవరు. అంచుకి బాగా వెనక నిలబడి, స్ట్రోలర్‌కి బ్రేకు వేసి, చక్రాలు పట్టాల వైపు తిరిగి ఉండకుండా పట్టాలకి సమాంతరంగా పెట్టాలి, ప్లాట్‌ఫారం కొంచెం వాలుగా ఉండొచ్చు కాబట్టి. ఈత కొలను అయితే నీళ్ళు వెచ్చగా ఉండాలి, ఆరు నెలల్లోపు వాళ్ళకి 32 డిగ్రీలైనా ఉండాలంటారు, మొదటిసారి పది నిమిషాలు చాలు, వణికితే వెంటనే బయటికి. మాల్ గురించి పెద్దగా చెప్పేదేమీ లేదు, వెడల్పు దారులు, లిఫ్టు, శుభ్రమైన డైపర్ గది ఉంటాయి, అంతవరకు మంచిది. స్ట్రోలర్‌తో ఎస్కలేటర్ ఎక్కకండి, మెత్తటి రబ్బరు చెప్పులు వేసుకున్న పిల్లల కాళ్ళు పక్క అంచుకి తగలకుండా మధ్యలో నిలబెట్టి చెయ్యి పట్టుకోండి. సినిమా హాలు మాత్రం ఈ వయసుకి నేను వద్దనే అంటాను, ఆ శబ్దం ఆ చెవులకి చాలా ఎక్కువ.

దారిలో వాన ఉంటుంది కాబట్టి దాని సంగతి కూడా. స్ట్రోలర్ మీద వేసే ప్లాస్టిక్ కవరు లోపలికి రాగానే తీసెయ్యాలి, లేకపోతే లోపల వేడి చాలా త్వరగా పెరుగుతుంది. కారు సీటులో ఉబ్బుగా ఉండే కోటు వేసి బెల్టు పెడితే బిగుతుగా ఉన్నట్టే అనిపిస్తుంది గానీ గుద్దుకున్నప్పుడు ఆ కోటు నలిగి బెల్టు వదులవుతుంది, అందుకని కోటు తీసి, బెల్టు పెట్టి, దాని మీద దుప్పటి కప్పుతాం. బిడ్డని క్యారియర్‌లో కట్టుకుంటే మొహం ఎప్పుడూ కనపడాలి, గడ్డం గుండెకి ఆనకూడదు, గొడుగు పట్టుకున్న చెయ్యి ఒక్కటే కాబట్టి తడి మెట్లు దిగేటప్పుడు రెండో చెయ్యి రెయిలింగ్ మీదే ఉంటుంది. లోపలికెళ్ళాక తడి నేల మీద మేజోళ్ళు జారతాయి, పెద్దదానికి అడుగున రబ్బరు చుక్కలున్నవి వేస్తాను, చిన్నోడికి వట్టి కాళ్ళే. మారు బట్టలు ఇద్దరికీ ఒక జత, నాకూ ఒకటి. నా జత మర్చిపోయిన రోజున తడి జాకెట్టుతో గంటసేపు పాలిచ్చాను, అందుకని ఆ సంచి ఇప్పుడు తలుపు పక్కనే ఎప్పుడూ సర్ది ఉంటుంది.

తిరిగొచ్చేటప్పుడు కారు సీటులో నిద్రపోతే ఇంటికి రాగానే ఎత్తి మంచం మీద వెల్లకిలా పడుకోబెడతాను. లేస్తాడేమో అని భయంగానే ఉంటుంది, ఒక్కోసారి లేస్తాడు కూడా. అయినా ఆ సీటులో తల ముందుకి వాలిపోయి ఊపిరికి అడ్డం రావచ్చు కాబట్టి అందులోనే వదిలెయ్యను.

ఇది రాస్తున్నప్పుడు కూడా బయట పడుతూనే ఉంది, రేపు కూడా ఇంతే అంటున్నారు. చిన్నోడు నిద్రలో ఉన్నాడు. పెద్దది నా పక్కనే బోర్లా పడుకుని కాగితం మీద ఒక పెద్ద చతురస్రం గీసి, మధ్యలో నిలువు గీత పెట్టి, పక్కన గుండ్రాలు చుడుతోంది. ఏమిటే అది అంటే, లిఫ్టు అంది. రేపు అక్కడికే వెళ్దామా అని అడిగింది. సరే అన్నాను.